బొడ్డు ఊడేలోగా

"ఇది మంగళవారం అల్లావు కదూ?" అంది లావెర్న్ పెద్దమ్మ, బుట్ట మీద బొటనవేలు ఆనించి.

మంగళవారమే. ఎలా తెలిసిందని అడిగే ఓపిక కూడా లేదు నాకు. అన్ని రోజుల్లాగే ఇవాళ కూడా చీకటితో లేచి, నది వెంబడి ఉన్న మలుపులన్నీ స్కూలు బస్సు తోలుతూ తిరిగాను. సాయంత్రం అవే మలుపులు మళ్ళీ తిరిగి వచ్చాను. నడుము పట్టేసింది. పట్టేసిన నడుముతోనే పెద్దమ్మ వరండాలో కూర్చుని, తడిపిన పుల్లలు ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఐదు వరసలు విప్పు," అంది.

"ఐదా!"

"ఆరోది కూడా విప్పమనాలనే ఉంది. నీ మొహం చూసి ఊరుకుంటున్నా."

"ఏమైంది వాటికి? కళ్ళకి బానే ఉన్నాయిగా?"

"కళ్ళకి బానే ఉన్నాయి. బిడ్డ వీపుకి బావుండవు. అవి అల్లేటప్పుడు ఎవరి పీక పిసుకుతున్నావే?"

ఎవరిదో ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, మా ఇంటి పిల్లికి కూడా తెలుసు. తెలియనిది ఒక్క మా అల్లుడికే.

పెద్దమ్మకి ఎనభై ఒకటి. మా అమ్మకి అక్క. చిన్నప్పుడు దూరపు బోర్డింగు బడికి పిల్లల్ని పట్టుకుపోవడానికి ప్రభుత్వం మనుషులు వస్తే, ఈవిడ కొండెక్కి దాక్కుంది, మా అమ్మ దొరికిపోయింది. అందుకని పెద్దమ్మకి బుట్టలు వచ్చు, అమ్మకి రాలేదు, అమ్మకి రాలేదు కాబట్టి నాకూ రాలేదు. నా కూతురు కరిస్సా పుట్టినప్పుడు దాన్ని కూర్చోబెట్టడానికి మా ఇంట్లో బుట్ట లేదు. ఉతికిన బట్టలు వేసుకునే ప్లాస్టిక్ తొట్టిలో దుప్పటి పరిచి పడుకోబెట్టాను. చూడడానికి వచ్చిన వాళ్ళెవరూ ఏమీ అనలేదు. అననందుకే నాకు ఇరవై ఆరేళ్ళుగా ఆ తొట్టి గుర్తుంది.

మేం ఈ నది ఒడ్డు ఆదివాసులం, కరుక్ తెగవాళ్ళం. మా ఇళ్ళలో బిడ్డకి బొడ్డు ఊడిన రోజున బుట్టలో కూర్చోబెట్టాలి. ఇప్పుడు కరిస్సాకి ఏడో నెల. బిడ్డ పుట్టి బొడ్డు ఊడేలోగా నా చేత్తో అల్లిన బుట్ట సిద్ధంగా ఉండాలని, అందులో ఆ బిడ్డ కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవాలని, అదొక్కటే నా కోరిక. అందుకోసమే యాభై నాలుగేళ్ళ వయసులో, మూడేళ్ళుగా, ఒకటో తరగతి పిల్లలా పెద్దమ్మ చేత తిట్లు తింటున్నాను.

తిట్లకి నేను భయపడను. విప్పడానికే ప్రాణం పోతుంది. నిలువు పుల్లలు హేజెల్ పొదవి. వాటి చుట్టూ చీల్చిన పైన్ చెట్టు వేర్లు రెండు తీసుకుని, ఒకటి ముందు నుంచి ఒకటి వెనక నుంచి మెలేస్తూ పోవాలి. ఒక్క వరసకి నాకు ముప్పావు గంట పడుతుంది. విప్పడానికి ఐదు నిమిషాలు.

"కోపంతో అల్లింది బిడ్డకి తగులుతుంది," అంటుంది పెద్దమ్మ. "అలాంటి దాంట్లో బిడ్డ నిద్రపోదు. మా అమ్మ అయితే కోపం వచ్చిన రోజు బుట్ట ఉన్న గదిలోకే వెళ్ళేది కాదు."

"మీ అమ్మ బస్సు తోలిందా?"

"మా నాన్నని తోలింది. నీ బస్సే నయం."

కోపానికి కారణం చెప్తాను. చెప్తే ఇప్పటికీ గొంతు పెరుగుతుంది.

హేజెల్ పొద దానంతటది పెరిగితే వంకర టింకరగా, కొమ్మలు కొమ్మలుగా పెరుగుతుంది. కాలిస్తే, కాలిన మొదట్లోంచి నిటారుగా, చువ్వల్లా లేస్తాయి కొత్త పుల్లలు. మా ఇంటి వెనక వాలులో ఉన్న హేజెల్‌ని కాల్చుకోవడానికి పదకొండేళ్ళు అనుమతి కాగితాలు పట్టుకు తిరిగాను. సొంత దొడ్లో సొంత పొద కాల్చుకోవడానికి ఎన్ని సంతకాలు కావాలో ఆ కాగితాలు చూస్తే తెలుస్తుంది. చివరికి కిందటేడు కాక ముందటేడు శరదృతువులో కాల్చాం. రెండు చలికాలాలు గడిచాయి. ఈ వసంతానికి పుల్లలు నా భుజం ఎత్తు వచ్చాయి, ఒక్క కొమ్మ లేకుండా. వందలు. రోజూ పొద్దున బస్సు ఎక్కే ముందు ఫ్లాస్కుతో అక్కడ నిలబడి, కాఫీ తాగుతూ వాటిని చూసుకునేదాన్ని. మొగ్గలు పగలడం కోసం ఎదురుచూస్తున్నాను. మొగ్గ పగిలి, లోపల నీరు ఎక్కితేనే తొక్క ఒక్క లాగుతో ఊడి వస్తుంది. ఇంకో వారం ఆగుదాం అనుకున్నాను.

మార్చి ఆఖరు శుక్రవారం డ్యూటీ దిగి వచ్చేసరికి వాలంతా నున్నగా ఉంది. మా అల్లుడు డస్టిన్ మిషన్‌తో పుల్లలన్నీ మొదలుకంటా కోసేసి, వాటిని ఒక మూల కుప్ప పోసి, నలగ్గొట్టి, పొదల మొదట్లో ఎరువులా పరిచేశాడు. నన్ను చూసి మిషన్ ఆపి, నవ్వి, చెయ్యి ఊపాడు.

చెయ్యి ఊపాడు!

నేను ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అప్పటి నుంచి వాడితో మాట్లాడలేదు. కూతురూ అల్లుడూ మా పెరట్లోనే ట్రెయిలర్‌లో ఉంటారు, కాబట్టి మాట్లాడకుండా ఉండడం అంత తేలిక కాదు. అయినా సాధించాను. డస్టిన్ మా మనిషి కాదు, నెవాడా ఎడారి వైపు పాయూట్ తెగవాళ్ళబ్బాయి. అడవి మంటలార్పే దళంలో పని. ఆ దళం వాళ్ళకి పచ్చగా ఏది కనిపించినా కోసి పారేయాలనిపిస్తుంది, ఇంటి చుట్టూ గడ్డిపోచ ఉండనివ్వరు. వీడూ అంతే అనుకున్నాను. ఒక్క మాట అడిగి కోయచ్చు కదా? అడగలేదు. మరి నేనెందుకు చెప్పాలి?

"నువ్వేం చెప్పద్దు," అన్నాను కరిస్సాతో. "తనే తెలుసుకుని వచ్చి అడగాలి."

"కళ్ళల్లోకి చూడకుండా తిరుగుతుంటే ఎలా తెలుస్తుందమ్మా?"

"తెలుస్తుంది. బుర్రుంటే."

అది నిట్టూర్చి, వాడితో మాత్రం, అమ్మకి బస్సు పనితో అలసట, నీ మీదేం కాదు అని సర్దిచెప్పిందట. దాంతో వాడు నా అలసట తగ్గించే పనిలో పడ్డాడు. కట్టెలు కొట్టి పేర్చాడు. నా కారుకి నూనె మార్చాడు. ఒకరోజు వేట మాంసం కూర వండి మెట్ల మీద పెట్టి వెళ్ళాడు. వాడు ఎంత మంచిగా ఉంటే నాకు అంత ఒళ్ళు మండేది. కూర మాత్రం తిన్నాను. ఆకలేసింది.

పుల్లలు పెద్దమ్మే ఇచ్చింది, కిందటేడు ఎక్కడో పై ఊళ్ళో ఏరి దాచుకున్న కట్ట. "డెబ్బై రెండున్నాయి. నీ బుట్టకి డెబ్బై కావాలి. ఇక లేవు. నువ్వు ఏడ్చినా లేవు," అంది. తన చేతుల వేళ్ళు వంకర్లు పోయాయి, వరస బిగించలేదు. పళ్ళు కూడా కట్టుడువే. ఒకసారి వేరు చీల్చి చూపిద్దామని పంటితో పట్టి లాగితే, వేరుతో పాటు పళ్ళూ వచ్చి నా ఒళ్ళో పడ్డాయి. "చూశావుగా, అలా," అని తీసి పెట్టుకుంది.

ఏప్రిల్, మే అలాగే గడిచాయి. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, తర్వాత బుట్ట. నాలుగు వరసలు అల్లడం, మూడు విప్పడం. అల్లుతుంటే వాడు చెయ్యి ఊపడం కళ్ళ ముందుకొచ్చేది, వేళ్ళు వాటంతటవే బిగుసుకునేవి. తడపడం, ఆరడం, మెలేయడం, విప్పడం, మళ్ళీ తడపడం. పుల్లలకి పీచు లేచింది. మే మధ్యలో ఒకటి విరిగింది. వారం తిరక్కుండా రెండోది విరిగింది. ఇక ఎక్కువ పుల్లలు లేవు.

"వాడితో మాట్లాడు," అంది పెద్దమ్మ ఆ రోజు.

"వాడొచ్చి మాట్లాడాలి."

"వాళ్ళ ఊళ్ళో హేజెల్ లేదే, పిచ్చిదానా."

"అడగడానికి నోరుంది కదా?"

"నీకూ ఉంది. దాన్ని నా మీదే వాడతావు."

జూన్ మొదట్లో పిల్ల పుట్టింది, అనుకున్నదానికి పన్నెండు రోజుల ముందే. ఆడపిల్ల. ఆస్పత్రి నుంచి మూడో రోజుకి ఇంటికి తెచ్చారు. నేను ఎత్తుకున్నాను, ముద్దు పెట్టుకున్నాను, వెంటనే గుడ్డ తీసి బొడ్డు చూశాను. నాయనమ్మలూ అమ్మమ్మలూ మొహం చూస్తారు, ముక్కు ఎవరిదో చెప్తారు. నేను బొడ్డు చూశాను. ఎండడం మొదలైంది. బుట్టేమో ఇంకా మూడో వంతు మిగిలి ఉంది.

ఆరో రోజు శనివారం. మధ్యాహ్నం మా ఇంటి మెట్ల మీద కూర్చుని అల్లుతున్నాను. పొద్దుటి నుంచి నాలుగు వరసలు అల్లాను. బొటనవేలు పెట్టి చూసుకున్నాను. ఇప్పుడు నాకే తెలుస్తోంది. ఎవరూ చెప్పకుండానే నాలుగూ విప్పాను. ఆఖరి మెలిక విప్పుతుంటే, అంచున ఉన్న పుల్ల టప్‌మని సగానికి చీలింది.

సరిగ్గా అప్పుడే ట్రెయిలర్‌లోంచి డస్టిన్ ఉతకాల్సిన గుడ్డలు తొట్టిలో వేసుకుని వచ్చాడు. వాడూ నిద్రపోయి చాలా రోజులైనట్టుంది, కళ్ళు లోపలికి పోయాయి.

"విరిగిందా అత్తయ్యా? నేనేమైనా..."

"విరగదా మరి?" నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఉన్నవే డెబ్బై! ఎన్నిసార్లు విప్పితే, ఎన్నిసార్లు తడిపితే విరగకుండా ఉంటుంది? ఆ వెనక వందలున్నాయి, వందలు! పదకొండేళ్ళు తిరిగాను వాటి కోసం. నువ్వు కోసి ఎరువేశావు!"

వాడు తొట్టి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మొహంలో రంగు మారింది.

"అవా? అవి... మీకు కావాల్సినవా?"

"కాకపోతే?"

"అయిపోయాయి అనుకున్నా అత్తయ్యా."

"ఏం అయిపోయాయి?"

"కాలం. మావైపు విల్లో పుల్లల్తో అల్లుతారు. మా నానమ్మే నన్ను పెంచింది, నాకు కొంచెం వచ్చు. మేం చలికాలంలోనే కోసేస్తాం. మొగ్గ పగిలిందంటే ఇక ఆ పుల్ల చెడిపోయినట్టే, ఆ ఏడాదికి అంతే. మీ పొదలకి మొగ్గలు పగులుతున్నాయి. ఇంకా కోయలేదేంటా అని రోజూ చూస్తున్నా. మీరేమో చీకట్నే వెళ్ళి చీకటి పడే వేళకి వస్తున్నారు. పాపం, ఓపిక లేక ఈ ఏడాది పోగొట్టుకున్నారనుకున్నా." తొట్టి కింద పెట్టాడు. "మా నానమ్మ అలా కాలం దాటినవన్నీ మొదలుకంటా కొట్టేసేది. అప్పుడు పై ఏడాది నిటారుగా వస్తాయి కదా. కనీసం వచ్చే ఏడాదికైనా మీకు మంచివి దొరుకుతాయని..."

బుట్టలంటే ఏంటో తెలియని వాడు కోశాడని రెండు నెలల పైన మండిపోయాను. బుట్టలు తెలిసినవాడు కాబట్టే కోశాడు. తెలియనివాడైతే ఆ పొదల వంక చూసేవాడే కాదు.

"ఇక్కడ మొగ్గ పగిలాకే కోస్తాం," అన్నాను చివరికి. "అప్పుడే తొక్క ఊడుతుంది."

వాడు కళ్ళు మూసుకున్నాడు. "నాకెవరూ చెప్పలేదు అత్తయ్యా."

"నేనే చెప్పలేదు. చెప్పద్దని దానికీ చెప్పాను."

ఇంకేదైనా అనాలి, క్షమించమనాలి. చీలిన పుల్లని వేలితో సర్దుతూ కూర్చున్నాను. వాడు నది ఒడ్డుకి వెళ్ళి ఒక విల్లో పుల్ల కోసి, తొక్క గీరుకుని తెచ్చాడు. "ఇది కాలం కాదు, మంచి పుల్ల కాదు. ఒక్కటే కదా, ఆగుతుంది," అని చీలిన దాని పక్కన దూర్చి నా చేతికిచ్చి, గుడ్డలు ఉతకడానికి కూర్చున్నాడు.

నేను అల్లబోయాను. మొదటి మెలికే బిగుసుకుంది. పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, వాడి మీద కోపం పోయింది."

"హమ్మయ్య. మరింకేం, అల్లు."

"ఇప్పుడు నా మీదొచ్చింది."

"అదీ కోపమేనే జెనీవా. పడుకో. లేచాక అల్లు."

"బొడ్డు నల్లబడి వేలాడుతోంది. పడుకుంటే అయిపోతుంది. ఇంకొక్కసారి విప్పితే ఈ పుల్లలు కూడా ఆగవు."

"అయితే చల్లగా ఉన్న చెయ్యి ఎవరిదైనా ఉందేమో చూడు. నా చేతులడగకు, చెంచా కూడా పట్టుకోవట్లేదు."

ఫోన్ పెట్టేశాను. ఎవరిదో వెతకక్కర్లేదు. ఎదురుగా డస్టిన్ పసిదాని గుడ్డలు ఒక్కోటీ పిండి, దులిపి, అంచులు కలిపి ఆరేస్తున్నాడు. మూడు రోజులుగా నిద్రలేని మనిషి, ఒక్క గుడ్డ కూడా విసిరేయలేదు.

ఇవ్వాలని లేదు నాకు. ఉన్నమాట చెప్తున్నాను. ఇరవై ఆరేళ్ళు మోశాను ఆ ప్లాస్టిక్ తొట్టిని. మూడేళ్ళు తిట్లు తిన్నాను. నా చేత్తో మొదలెట్టి నా చేత్తో అంచు కట్టాలనుకున్నాను. ఈ బుట్ట ఎవరల్లారని ఎవరైనా అడిగితే నా ఒక్క పేరే చెప్పాలనుకున్నాను. ఆ మెట్ల మీద కూర్చుని ఇవన్నీ ఒక్కొక్కటే అనుకుని, లేచి వెళ్ళి బుట్ట వాడి ముందు పెట్టాను.

"మిగతాది నువ్వు అల్లు."

వాడు తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "మీ అల్లిక నాకు రాదు అత్తయ్యా."

"మీ నానమ్మది వచ్చుగా. అదే అల్లు."

"సగం ఒకలా, సగం ఒకలా ఉంటుంది. మీవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ."

వాడు కాసేపు బుట్టని తిప్పి తిప్పి చూశాడు. నేను అల్లిన వరసల మీద వేలు వేసి నొక్కాడు. చాలా గట్టిగా ఉన్నాయని తెలిసే ఉంటుంది. వేరుని పంటితో పట్టుకుని చీల్చాడు, సొంత పళ్ళతో, చక్కగా. మా వాళ్ళు మెలేసే వైపు కాకుండా రెండో వైపు మెలేశాడు. నా చెయ్యి రెండుసార్లు ముందుకు పోయింది, సరిచేద్దామని. రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాను. తర్వాత అక్కడే గుమ్మానికి ఆనుకుని నిద్రపోయాను, నోరు తెరుచుకుని. కరిస్సా ఫొటో కూడా తీసిందట.

తొమ్మిదో రోజున బొడ్డు ఊడింది. అంచు అప్పటికి గంట ముందే కట్టాడు.

పెద్దమ్మ వచ్చింది, మా చిన్నాన్న కూతురు రమోనా వచ్చింది, ఇంకో నలుగురు వచ్చారు. ఎండు సాల్మన్, బంగాళాదుంపల కూర, పెద్దమ్మ తెచ్చిన ఓక్ కాయల జావ బల్ల మీద పెట్టాం. రమోనా అన్నిటికంటే ముందు బుట్ట ఎత్తి వెలుగులో పెట్టి చూసింది. ఎవరి బుట్టనైనా అలాగే చూస్తుంది.

"ఇదేంటే, నడుం దగ్గర్నుంచి మెలిక అటు తిరిగింది? ఎవరల్లారు దీన్ని?"

డస్టిన్ నేల చూపులు చూస్తున్నాడు.

"కింద, కూర్చునే చోటు నాది," అన్నాను. "కోపంతో అల్లాను. ఎన్నిసార్లు విప్పినా పూర్తిగా పోలేదు, నొక్కి చూడు, తెలుస్తుంది. పైన వీపు ఆనే చోటు డస్టిన్‌ది. మా పుల్లలు కోసేశాడని వీడితో రెండు నెలలు మాట్లాడలేదు నేను. నా కోసమే కోశాడు. అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది." అక్కడితో ఆపుదామనుకున్నాను, కానీ ఆగితే ఇంకెప్పుడూ అనలేను. "తప్పు నాది అబ్బాయ్. క్షమించు."

వాడు తలెత్తాడు. తల ఊపి ఊరుకున్నాడు.

"నాకైతే బానే ఉంది," అంది రమోనా బుట్ట కింద పెడుతూ. అంత తక్కువ మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

పిల్లని పెద్దమ్మ చేతుల్లో పెడితే, వంకర వేళ్ళతోనే ఎత్తి బుట్టలో కూర్చోబెట్టింది. కాళ్ళు రెండూ బయటికి వేలాడాయి. అందరం వంగి చూస్తున్నాం. పిల్ల మొహం ముడుచుకుంది, ఎర్రబడింది, కెవ్వుమంది. నా వరసలే. కూర్చున్న చోటే గుచ్చుకుంటున్నాయి. నిద్రపోదు, ఈ బుట్టలో ఇది నిద్రపోదు.

"తీసెయ్యి పెద్దమ్మా. విప్పేస్తాను, మొత్తం విప్పేస్తాను."

"ఉండవే," అంది పెద్దమ్మ.

ఏడుపు ఉన్నట్టుండి ఆగింది. బుట్ట అడుగు నుంచి సన్నటి ధార నా వరసల్లోంచి జారి, చాప మీద పడింది. పిల్ల మొహం విప్పుకుంది. రెండుసార్లు పెదాలు చప్పరించి, తల డస్టిన్ అల్లిన వైపు వాల్చి, కళ్ళు మూసుకుంది.

నేను గుడ్డ తీసుకుని తుడవబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉండనీ. తడిస్తే బిగువు వదులుతుంది. నేను ఇన్నాళ్ళూ నీతో చెప్పి చెప్పి అలిసిపోయిన పని, ఈ పిల్ల ఒక్క నిమిషంలో చేసేసింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ ఏడుపొచ్చింది. ఎక్కడా కూర్చోవడానికి చోటు లేదు, బెంచీ మీద డస్టిన్ పక్కన తప్ప. వెళ్ళి అక్కడ కూర్చున్నాను. వాడు కొంచెం జరిగి చోటిచ్చాడు.